ఊకదంపుడు స్టేడియం

షటిల్ ఆటలో కాక్‌కు గాలి తగలకూడదట. ఆడే మనిషికి తగలకపోయినా ఫరవాలేదట. ఈ గొప్ప సిద్ధాంతం మీదే మా ఏలూరులో ఇండోర్ స్టేడియం లేచింది.

స్టేడియం అన్నది బోర్డు మీద మాట. లోపలికి వెళ్ళి చూస్తే అది నాగదుర్గారావు గారి రైసుమిల్లు పాత ధాన్యం గోడౌను. ఎలుకలకు కూడా గిట్టుబాటు కాక అవి ఖాళీ చేసి పోయాక, 2006లో ఆయనకు ఉన్నట్టుండి క్రీడాభిమానం పుట్టుకొచ్చింది. రేకుల కింద సీలింగు కొట్టించాడు. నేల మీద చెక్క పరిపించాడు. రెండు కోర్టులకు తెల్లగీతలు గీయించాడు. కాక్ పక్కకు కొట్టుకుపోకుండా పన్నెండు కిటికీలకూ మేకులు దిగ్గొట్టించాడు. గుమ్మం మీద తన పేరు అడుగెత్తు అక్షరాల్లో రాయించి, దాని కింద 'ఇండోర్ స్టేడియం' అని బెత్తెడు అక్షరాల్లో రాయించాడు. అప్పటినుంచీ ఆయనే షటిల్ సంఘానికి ప్రెసిడెంటు. రాకెట్టు ఏ చివర పట్టుకోవాలో ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు. మైకు ఏ చివర పట్టుకోవాలో మాత్రం బాగా తెలుసు.

ఆయన ఉపన్యాసాల గురించి ఒక ముక్క చెప్పాలి. క్రమశిక్షణతో మొదలై, దేశభక్తి మీదుగా, తన మిల్లు దగ్గరికి వచ్చి, మళ్ళీ క్రమశిక్షణ దగ్గరికి పోతాయి. దంపిందే దంపుడు. అదృష్టమేమిటంటే స్టేడియంలో మాట్లాడితే పావుగంటకల్లా ఆయనకు దగ్గు తెర వస్తుంది. దగ్గు వచ్చిందంటే ఉపన్యాసం అయిపోయిందని జనానికి గుర్తు. వెంటనే చప్పట్లు కొట్టేస్తారు. పాపం, ఆయన దాన్ని అభిమానం అనుకుంటాడు. ఆ దగ్గు అక్కడే ఎందుకొస్తోందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఒప్పుకుంటాను.

నా పేరు దేవకుమారి. తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. రోజూ ఏలూరు నుంచి రైల్లో వెళ్ళి వస్తాను. ఇరవై ఏళ్ళుగా కంటికి కనపడని వాటి గురించి పాఠాలు చెప్పీ చెప్పీ, కనపడేవాళ్ళ మీద నాకు ఓర్పు తగ్గిపోయింది. మా చర్చిలో ఆడవాళ్ళంతా నన్ను 'కోపం మేడమ్' అంటారట. అననివ్వండి.

మా ఇంట్లో సౌజన్య అనే పిల్ల ఉంటుంది. కొల్లేటికోట పిల్ల. వాళ్ళమ్మ నూకాలమ్మ నేను ఉద్యోగంలో చేరిన నాటినుంచీ మాకు చేపలు తెచ్చిచ్చే మనిషి. కూతుర్ని ఏలూరులో ఇంటర్లో చేర్చిన రోజున తట్ట గుమ్మంలో దింపి, "మేడమ్ గారూ, మీ కళ్ళ ముందు ఉంచుకోండి" అంది. ఉంచుకున్నాను. ఆ పిల్ల వాళ్ళ ఊరి స్కూల్లో నెట్టు లేకపోతే రెండు సరుగుడు కర్రల మధ్య చిరిగిన చేపల వల కట్టుకుని షటిల్ నేర్చుకుంది. కొల్లేటి గాలిలో, కాక్ ఎటు కొట్టుకుపోతే అటు పరిగెత్తుతూ నేర్చుకున్న ఆట. ఏలూరు వచ్చిన ఏడాదికే జిల్లాలో ఆ వయసు ఆడపిల్లల్లో దాన్ని ఓడించేవాళ్ళు లేకపోయారు. 2008లో రాజమండ్రిలో జరగబోయే రాష్ట్ర పోటీలకు జిల్లా నుంచి సింగిల్స్‌కు ఒక్క పేరే పంపాలి. ఆ పేరు సౌజన్యదే అని అందరికీ తెలుసు. అక్కడ బాగా ఆడితే హైదరాబాదులో హాస్టలూ, కోచింగూ, చదువూ అన్నీ ఉచితం. చేపల తట్ట దింపుకోవడానికి నూకాలమ్మకు కనపడే దారి అదొక్కటే.

అంతా బాగానే ఉంది కానీ, ఆ వానాకాలం నుంచి పిల్లకు స్టేడియంలో ఊపిరి పట్టేయడం మొదలైంది. పది నిమిషాలు ఆడితే ఛాతీలో పిల్లి కూనలు అరిచినట్టు శబ్దం. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే కాసేపటికి సర్దుకుంటుంది. శనివారం కొల్లేటికోట వెళ్తే ఆదివారం అంతా గెంతుతూనే ఉంటుంది. డాక్టరు ఛాతీ విని, "జబ్బేమీ కనపడట్లేదండీ. ఏదో పడట్లేదు. అది ఎక్కడుందో మీరే వెతుక్కోవాలి" అన్నాడు.

నేను పిల్లను వెంటబెట్టుకుని ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్ళాను.

"ఏవండీ, హాల్లో ఊపిరాడట్లేదండీ" అంది సౌజన్య. ఆ పిల్లకు గొంతు పెంచడం రాదు.

"ఊపిరాడకపోవడమేంటమ్మా?" అన్నాడు నాగదుర్గారావు గారు. "నలభై మంది పిల్లలు ఆడతన్నారిక్కడ. అలవాటు లేక అలా ఉంటది. రోజూ వత్తే అదే అలవాటైపోద్ది."

"రెండేళ్ళుగా రోజూ వస్తూనే ఉందండీ" అన్నాను నేను.

"ఆడలేక మద్దెల ఓడంటే ఎలాగండీ మేడమ్ గారూ? కొల్లేటి పిల్ల కదా, నీటి గాలి సోకేసి ఉంటది. చేపల వాళ్ళకి ఇలాంటివి మామూలే" అని, బల్ల మీద ఉన్న కాగితం మా వైపు తిప్పాడు. సౌజన్య పేరు మీద అడ్డంగా ఒక గీత ఉంది. పక్కన 'ఫిట్‌నెస్ లేదు' అని రాసి ఉంది. కింద ఇందు అని కొత్త పేరు. ఇందు ఆయన బావమరిది కూతురు. మంచి పిల్లే, ఆటా ఫరవాలేదు. సౌజన్య చేతిలో మాత్రం ఎప్పుడూ పది పాయింట్లు దాటలేదు.

"పేర్లు పంపడానికి ఇంకా మూడు వారాలుంది. ఈలోగా ఊపిరి బాగుచేసుకుని రండి, చూద్దాం" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఊపిరి బాగుచేసుకోవడానికి అదేమన్నా సైకిలు ట్యూబా! సరే, ఈయనకు నోటితో చెబితే ఎక్కదు, నా పద్ధతిలో చెబుదామనుకున్నాను. గాలికి పోయే కంపను నెత్తికి చుట్టుకోవడమంటే ఇదేనేమో. అయినా చుట్టుకున్నాను.

నా పద్ధతి పెద్ద బ్రహ్మవిద్య కాదు. బంగాళాదుంపలు ఉడకబెట్టిన నీళ్ళలో తీపి కలిపి, అగర్ అనే పొడి వేసి కాచి, మూత ఉన్న గాజు ప్లేట్లలో పోస్తే జున్నులా గడ్డకడుతుంది. దాన్ని ఎక్కడైనా మూత తీసి అరగంట ఉంచితే, అక్కడి గాలిలో తిరిగే బూజు విత్తనాలు వచ్చి పడతాయి. మూత పెట్టి నాలుగు రోజులు ఆగితే ఒక్కో విత్తనం ఒక్కో మచ్చగా మొలుస్తుంది. ఇక మచ్చలు లెక్కపెట్టుకోవడమే.

ఒక ప్లేటు కొల్లేట్లో సౌజన్య వాళ్ళ నాన్న దోనెలో పెట్టించాను. ఒకటి ఏలూరు చేపల మార్కెట్లో, ఒకటి బస్టాండులో. బస్టాండులో ప్లేటు పక్కన నేను కాపలా కూర్చుంటే ఒక పెద్దాయన అందులో రూపాయి వేయబోయాడు. ఇంకా రెండు ప్లేట్లు స్టేడియంలో పెట్టాను. పొద్దున్న ఆరింటికి ఎవరూ లేనప్పుడు ఒకటి, సాయంత్రం ఆరింటికి పిల్లలు గెంతుతున్నప్పుడు ఒకటి.

నాలుగు రోజుల తరవాత లెక్కపెట్టాను. దోనెలో తొమ్మిది మచ్చలు. మార్కెట్లో ముప్ఫై ఒకటి. బస్టాండులో నలభై నాలుగు. స్టేడియంలో పొద్దున్న పన్నెండు. స్టేడియంలో సాయంత్రం లెక్క లేదు, ఎందుకంటే లెక్కపెట్టడానికి ప్లేటులో ఖాళీ లేదు. ఈ చివరి నుంచి ఆ చివరికి నల్లగా, పచ్చగా, గొంగళి కప్పినట్టు బూజు. ప్రభువా, ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో అలాంటి ప్లేటు చూడలేదు.

ఖాళీగా ఉన్నప్పుడు లేని బూజు, ఆడుతున్నప్పుడు ఎక్కడినుంచి లేస్తోంది? పిల్లలు కాళ్ళతో తొక్కేది నేలనే కదా. నేల కింద ఏదో ఉంది.

ఏముందో ఆ ఆదివారం సాయంత్రం తెలిసింది. సౌజన్యను దింపడానికి వాళ్ళ నాన్న సత్తియ్య వచ్చాడు. తక్కువ మాట్లాడే మనిషి. బల్ల మీద ఉన్న ఆ ప్లేటు వైపు చూశాడు. నేను మూత కాస్త ఎత్తి చూపించి వెంటనే వేసేశాను. ఆ కాస్తలోనే ఆయన ముఖం మారిపోయింది.

"ఇది తడిసి కుళ్ళిన ఊక వాసనండి మేడమ్ గారూ" అన్నాడు.

"ఊకా? స్టేడియంలో ఊకేమిటయ్యా?"

సత్తియ్య గుమ్మంలోనే కూలబడ్డాడు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తవ్వించేసిన ఏడాది ఆయనకు చెరువుల మీద పని పోయింది. నాగదుర్గారావు గారి మిల్లులో బస్తాలు మోసే పనికి కుదిరాడు. అప్పుడే గోడౌనును స్టేడియం చేస్తున్నారు. నేల పల్లంగా ఉంది, చెక్క పరిచేముందు ఇసుక పోసి ఎత్తు చేయాలని మేస్త్రీ అన్నాడట. "మన మిల్లులో ఊక కొండలా పడుంటే ఇసుకెందుకురా?" అన్నాడట ప్రెసిడెంటు గారు. "పైగా ఊకైతే స్ప్రింగులా ఉంటది. పిల్లలు ఇంకో జానెడు ఎత్తు ఎగురుతారు."

ఆ ఏడు వానాకాలంలోనే స్టేడియంలోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి. పైన చెక్క తుడిచారు, ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టారు. కింద ఊక సంగతి ఎవరికీ గుర్తు లేదు. అది చీకట్లో, తడిలో, రెండేళ్ళుగా హాయిగా బూజు పెంచుకుంటోంది. పిల్లలు ఎగిరి దూకినప్పుడల్లా చెక్కల సందుల్లోంచి పైకి లేస్తోంది. ఊకదంపుడు అనే మాటను నేను అన్నాళ్ళూ ఆయన ఉపన్యాసాలకే వాడాను. నలభై మంది పిల్లలు రోజూ సాయంత్రం నిజంగానే ఊక దంపుతున్నారని తెలియదు.

"ఆ ఊక మోసింది నేనేనండి" అన్నాడు సత్తియ్య. "నా ఈ భుజం మీదే మోశానండి. మా సౌజన్య ఆడే చోటని తెలిసి, రెండు బస్తాలు ఎక్కువ కూడా పోశానండి, మెత్తగా ఉంటదని."

సౌజన్య వాళ్ళ నాన్న పక్కన కూర్చుని ఆయన భుజం మీద చెయ్యేసింది.

"మీరు రాయండి మేడమ్ గారూ. నా పేరు మాత్రం చెప్పకండి. గేటు దగ్గర నా పేరు కొట్టేత్తే ఇక నూకాలమ్మ తట్టే గతి" అని దండం పెట్టాడు.

సరేనన్నాను. రిపోర్టు రాశాను. అయిదు వరుసల పట్టిక. చివరి రెండు వరుసలూ స్టేడియానివి, పొద్దున్నది ఒకటి, సాయంత్రానిది ఒకటి. 'నేల కింద ఏముందో చెక్క ఎత్తి చూడవలెను' అని కింద గీత గీసి మరీ రాశాను. ఒక కాపీ నాగదుర్గారావు గారికి ఇచ్చాను. ఆయన చాలా మర్యాదగా తీసుకున్నాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

వారం తిరక్కుండానే బస్టాండు ఎదురుగా ఇరవై అడుగుల ఫ్లెక్సీ లేచింది. 'కొల్లేటి గాలితో సమానమైన స్వచ్ఛమైన గాలి మన ఇండోర్ స్టేడియంలో! ధ్రువీకరించిన వారు: ప్రముఖ శాస్త్రవేత్త డాక్టర్ దేవకుమారి గారు.' ఒక మూల నా ఫోటో, అదీ పదేళ్ళ కిందటిది. మిగతా మూడు మూలలా ఆయన ఫోటోలు. నేను డాక్టర్నీ కాదు, ప్రముఖురాలినీ కాదు. మా కాలేజీలో నా పీహెచ్‌డీ పదేళ్ళుగా నడవకుండా పడుంది. ఆయన ఒక్క ఫ్లెక్సీతో ఇచ్చేశాడు. కింద ఇంకో వరుస: 'రాబోవు ఆదివారం ఉదయం పది గంటలకు స్టేడియంలో అభినందన సభ. శాలువాతో సత్కారం.'

రైలు దిగినదాన్ని దిగినట్టే మిల్లుకు వెళ్ళాను.

"ఏమిటండీ ఇది?"

"మీరు రాసిందేనండీ" అన్నాడు చల్లగా. రిపోర్టు తీసి వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, దోనెలో తొమ్మిది, మన స్టేడియంలో పన్నెండు. కాస్త అటూ ఇటూగా సమానమే కదండీ?"

"దాని కింద వరుస చదవండి."

"అది సాయంకాలం గాలండీ. సాయంకాలం పూట ఎక్కడైనా దుమ్మే కదండీ. మీ చేతిరాతను మీరే కాదంటే ఎలాగండీ డాక్టరు గారూ?"

"పొద్దున్న ఎవరూ లేరు కాబట్టి పన్నెండు. ఎవరూ ఆడని స్టేడియంలో గాలి దివ్యంగానే ఉంటుందండీ! పిల్లలు ఆడితే కదా లేచేది!"

నా గొంతుకు మిల్లు గుమాస్తాలు తలలెత్తి చూశారు. ప్రెసిడెంటు గారు మాత్రం నవ్వాడు. "అయితే ఆదివారం సభలోనే ఆడిద్దామండీ, అందరి ముందూ. మీ సౌజన్య, మా ఇందు, ఒక్క గేము. మీ పిల్ల ఆగకుండా ఆడేసిందనుకోండి, సోమవారం సాయంత్రం అయిదింటిలోగా ఆ పేరే పంపిత్తాను. మధ్యలో ఊపిరి, ఛాతీ అని ఆగిందనుకోండి, ఇక మీరు ఏమీ అనకూడదు."

ఇంటికొచ్చి వద్దే వద్దన్నాను. సౌజన్య మాత్రం, "ఆడతానండీ మేడమ్. ఆడకపోతే ఎలాగూ పేరు లేదు కదండీ" అంది.

ఆదివారం చర్చి మానేసి సభకు వెళ్ళాను. దేవుడు క్షమిస్తాడు, ఆ రోజు నాకు ఆయన సాయం స్టేడియంలోనే ఎక్కువ అవసరం. లోపల రెండు వందల మంది. గోడల నిండా రూము ఫ్రెష్‌నర్ కొట్టి, నాలుగు మూలలా సాంబ్రాణి వేయించాడు. స్వచ్ఛమైన గాలి సభలో పొగకు కళ్ళు మండుతున్నాయి. కిటికీల మేకులు మేకుల్లాగే ఉన్నాయి. మిల్లు కూలీలందరినీ రప్పించి వెనక వరుసలో నిలబెట్టారు, చప్పట్ల కోసం. వాళ్ళలో సత్తియ్య కూడా ఉన్నాడు.

నాకు శాలువా కప్పారు. ఆ ఉక్కలో శాలువా! ఫోటో తీస్తుంటే నవ్వమన్నారు. నేను పళ్ళు మాత్రం చూపించాను.

ఆట మొదలైంది. మొదటి అయిదు నిమిషాలు సౌజన్య గాలిలో తేలినట్టే ఆడింది. నెట్టు దగ్గర కాక్‌ను అలా ముట్టుకుని వదిలేస్తుంటే ఇందు పాపం బొక్కబోర్లా పడుతోంది. పదకొండు నాలుగు. పద్నాలుగు ఆరు. ఎగిరి స్మాష్ కొట్టి దిగినప్పుడల్లా చెక్క 'దబ్బు'మంటోంది. పదిహేను తొమ్మిది దగ్గర ఆ పిల్ల భుజాలు పైకి లేవడం మొదలైంది. పదహారు పదకొండు. నోరు తెరిచి పీలుస్తోంది. ముందు వరుసలో కూర్చున్న నాకు ఆ పిల్లికూనల శబ్దం వినపడుతోంది. పద్దెనిమిది పదమూడు. సౌజన్య రాకెట్టు మీద ఆనుకుని వంగిపోయింది. ఇందు కూడా దగ్గుతోంది కానీ దాన్ని ఎవరు చూస్తారు?

"చూశారాండీ!" అన్నాడు మైకులో నాగదుర్గారావు గారు. "గాలి బాగుందని సైన్సే చెప్పింది. లోపం ఎక్కడుందో మీ కళ్ళతో మీరే చూత్తన్నారు. క్రమశిక్షణతో రోజూ వత్తే, అదే అలవాటైపోద్ది. క్రమశిక్షణ అంటే..."

క్రమశిక్షణ మొదలైంది. నేను శాలువా తీసి అవతల పారేసి లేచాను. నాకంటే ముందే వెనక వరుసలోంచి సత్తియ్య నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో, బయట షామియానా గుంజలు పాతిన గునపం. ఆయన ఎవరి వైపూ చూడలేదు. సౌజన్య నిలబడిన చోటికి వచ్చి, దాన్ని చెయ్యి పట్టుకుని పక్కకు జరిపి, రెండు చెక్కల మధ్య గునపం దూర్చి ఎత్తాడు. మేకులు కీచుమన్నాయి. చెక్క లేచింది.

కింద నల్లటి ఊక. సత్తియ్య దోసిటినిండా తీసి పట్టుకున్నాడు. అది ఊకలా లేదు, పేడ కుప్పలా ముద్దలు కట్టింది. పైన తెల్లటి బూజు. ముందు వరుసలో పట్టుచీరలు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నాయి.

"నా కూతురికి జబ్బేమీ లేదండి, ఆయ్" అన్నాడు సత్తియ్య. "ఈ ఊక మోసినోణ్ణి నేనేనండి. పోయించినోరు ఈయనండి."

"ఒరేయ్ సత్తియ్యా! నీకేమన్నా పిచ్చెక్కిందేంట్రా!" అని ప్రెసిడెంటు గారు మైకు పట్టుకునే వేదిక దిగి పరిగెత్తుకొచ్చాడు. లేచిన చెక్కను మళ్ళీ మూసేద్దామని దాని మీద రెండు కాళ్ళతో ఎక్కి తొక్కాడు. చెక్క ఇవతలి చివర దిగింది, అవతలి చివర లేచింది. రెండేళ్ళ ఊక గుప్పుమని ఆయన ముఖాన కొట్టింది. సరిగ్గా ఏదో అనబోతూ ఆయన నోరు తెరిచి ఉన్నాడు.

దగ్గు వచ్చింది. మామూలు దగ్గు కాదు, ఆగని దగ్గు. మైకు చేతిలోనే ఉంది కాబట్టి హాలంతా మోగింది.

రెండు వందల మందికీ ఒక అలవాటుంది కదా. ప్రెసిడెంటు గారు దగ్గారు, అంటే ఉపన్యాసం అయిపోయింది. హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. ఆయన ఛాతీ పట్టుకుని, కళ్ళు తేలేసి, చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. చాలు చాలనే వినయం అనుకుని వెనక వరుసవాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు. ఆయన మోకాళ్ళ మీద పడితే గానీ ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడందరూ కిటికీల మీద పడ్డారు. మేకులు రాలేదు. సత్తియ్యే ఆ గునపంతో రెండు కిటికీలు పగలగొట్టాడు. పెదపాడు వైపు నుంచి చేల గాలి లోపలికి వచ్చింది. ఆయన్ని ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టి వీపు రాసింది కూడా సత్తియ్యే.

సోమవారం పొద్దున్న మిల్లు గేటు దగ్గర సత్తియ్య పేరు కొట్టేశారు. ప్రెసిడెంటు గారు ఆస్పత్రిలో ఉన్నా ఆ పని మాత్రం ఆగలేదు.

మధ్యాహ్నం మూడింటికి నేనూ సౌజన్యా ఆస్పత్రికి వెళ్ళాం. నాగదుర్గారావు గారు దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. ముఖానికి మందు ఆవిరి వచ్చే మాస్కు. మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడట. ఆయన మాట్లాడకుండా ఉండటం చూడటానికి వచ్చినట్టున్నారు, చుట్టాలు వరండా దాకా ఉన్నారు.

నేను బల్ల మీద మూడు పెట్టాను. ఒకటి జట్టు పేర్ల కాగితం. ఒకటి నా రిపోర్టు. ఒకటి ఆ నల్ల ప్లేటు, మూతకు టేపు అంటించి.

"ఈ రిపోర్టులో ఆఖరి వరుస చదువుతారా, లేక పేపరు విలేకరిని చదవమంటారా? ఆయన వరండాలోనే ఉన్నాడు. అయిదింటిలోగా పేర్లు పంపాలి, ఇంకా రెండు గంటలుంది" అన్నాను.

ఆయన ప్లేటు వైపు చూశాడు. కాగితం వైపు చూశాడు. మామూలుగా అయితే క్రమశిక్షణ మీద అరగంట చెప్పేవాడే. నోరు లేకపోయేసరికి చెయ్యి పనిచేసింది. ఇందు పేరు కొట్టి, సౌజన్య పేరు రాసి, సంతకం పెట్టాడు. మిల్లు గేటు దగ్గర కొట్టేసిన సత్తియ్య పేరు మాత్రం నేను మళ్ళీ రాయించలేకపోయాను. అడిగాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. దానికి రిపోర్టు లేదు కదా.

కాగితం తీసుకుని లేస్తుంటే ప్రెసిడెంటు గారు సౌజన్య చెయ్యి పట్టుకున్నాడు. మాస్కు కాస్త పక్కకు లాక్కున్నాడు. నిజంగా భయపడ్డ ముఖం.

"ఊపిరాడట్లేదమ్మా" అన్నాడు.

సౌజన్య ఆయన వైపు చూసింది. ఆ పిల్ల ముఖంలో వెటకారం ఉందేమోనని నేను వెతికాను. కనపడలేదు. పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడాలో నూకాలమ్మ నేర్పిన మర్యాదే ఉంది.

"అలవాటు లేకండీ" అంది మెల్లగా. "రోజూ వత్తే అదే అలవాటైపోద్దండీ."

అని మాస్కు మళ్ళీ ఆయన ముక్కు మీదకు జాగ్రత్తగా సర్దింది.